ముఖమునకు సూదిమందు

వెనుకటి కూచిపూడి భాగవతులు అరదళమును నూరి ముఖమునకు పూసికొనెడివారు. అది పాషాణము చేరిన ధాతువే. అయినను ఆట ముగియగనే కడిగివేసెడివారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామయై తెర వెడలినపుడు ఆ సొగసు ఆహార్యమునదియు అభినయమునదియు.

నేడు పెదవులకును చెక్కిళ్ళకును సూదితో ఎక్కించు ఫిల్లరు నీటికి పోవునది కాదు. పెక్కింటిలో నుండునది హయలురోనిక్ ఆమ్లపు జెల్లీ. అది రక్తనాళములో చేరి దారి మూసినచో చర్మము చచ్చును. చూపు పోయినవారును కలరు. దానిని కరగించుటకు హయలురోనిడేజ్ అను మందు కలదు. ధర అడుగుటకు ముందు, ఆ మందు దగ్గర ఉన్నదా యని వైద్యుని అడుగుడని మేము చెప్పుదుము. ఎక్కించినది సిలికోనైనచో ఆ మందును పనిచేయదు.

మనదేశమున 2020 ఏప్రిల్ 1 నుండి వైద్యపరికరములన్నియు ఔషధశాసనము క్రిందికి వచ్చినవి. పెట్టెపై తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య, గడువు, విదేశపు సరుకైనచో దిగుమతి లైసెన్సు సంఖ్య చూడవలెను. సీలు మన యెదుటనే విప్పించి, చీటీని దాచుకొందము. సూది పట్టువారు చర్మవైద్యులో ప్లాస్టిక్ సర్జనో కావలెను. బ్యూటీపార్లరు బల్ల అందుకు చాలదు. సూదిలేని పెన్నులతో ఎక్కించుకొనరాదని అమెరికా ఔషధసంస్థ 2021లో హెచ్చరించినది.

పిదప చర్మము తెల్లబారినను, నొప్పి హెచ్చినను, చూపు మసకబారినను, ఎక్కించిన వైద్యునికి వెంటనే ఫోను చేయుడు. కూచిపూడివారు తెల్లవారువరకు ఆగక, ఆ చీటీతో విజయవాడ పెద్దాసుపత్రికి బయలుదేరవలెను.