కోతలో ఇద్దరు తోడ్పాటుకాండ్రు



కల్లు పులియుటకును, రొట్టె పొంగుటకును కారణమైన ఈస్టు కంటికి గానరాని ఏకకణజీవి. దానియందు సుమారు 6,000 జన్యువులు గలవు. జన్యువునకు ఆర్.ఎన్.ఏ. రూపమున నకలు తయారగును. ఆ నకలును బట్టియే ప్రోటీను నిర్మితమగును. అయితే దాదాపు 280 జన్యువుల నకళ్లలో ప్రోటీనునకు అక్కరలేని భాగము నడుమ చేరియుండును. దీనికి ఇంట్రాన్ అని పేరు. దానిని కోసివైచి, ఇరువైపుల కొసలను అతుకవలెను. కోత ఒక్క అక్షరము తప్పినను, చిట్టాలో ఒక అంకె స్థానము మారినట్లు, ఆపై వ్రాత యంతయు చెడును.

జన్యువులిట్లు ఖండములై యుండునని 1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ గార్ల బృందములు వేర్వేరుగా కనుగొనెను. 1993లో వారిరువురికిని నోబెల్ బహుమానము లభించెను.

కోత కోయు యంత్రము పేరు స్ప్లైసియోజోము. అది సిద్ధముగా నుండునది కాదు; ప్రతి కోతకును క్రొత్తగా కూడి, పని తీరినంతనే విడిపోవును. అందు కత్తి వంటిది ఆర్.ఎన్.ఏ.యే. ఆ కత్తిని తగిన వేళకు, తగిన చోటికి చేర్చుట ప్రోటీనుల వంతు. పని రెండంచెలుగా సాగును. మొదట ఇంట్రాన్ మొదలు తెగి, నడిమి యొక అక్షరమునకు ముడిపడి ఉచ్చువలె నగును. పిదప రెండవ హద్దు తెగి, కొసలు రెండును అతుకుకొనును.

ఈ రెండవ అంచెలో స్లు7, ప్రిప్18 అను ప్రోటీనులు జంటగా పనిచేయును. ముడి పడిన చోటికి రెండవ హద్దు మిక్కిలి చేరువనున్నచో స్లు7 లేకున్నను పరీక్షనాళికలో పని జరుగును, దూరమైనచో జరుగదు.

2002లో అమెరికా శాస్త్రజ్ఞులు స్లు7లో రెండు ముఖ్యభాగములను పరీక్షించిరి. ఒకటి జింకును పట్టియుండు భాగము. రెండవది ప్రిప్18 చేతిని అందుకొను భాగము. మొదటిదానిలో ఒక్క మార్పు చేసినను కణము పెరిగెను. కాని అట్టి స్లు7 ప్రిప్18 సాయము లేక యంత్రమున నిలువజాలదయ్యెను. రెండవదానిని మాత్రమే చెఱచినప్పుడు పరీక్షనాళికలో కోత యథావిధిగా సాగెను. కణము మాత్రము హెచ్చు వేడిమికి తాళజాలదయ్యెను. రెండింటిని ఒక్కసారిగా చెఱుపగా కోత ఆగెను, కణము చచ్చెను. ఒక లోపమును తోడువాడు కాచును. ఆ తోడును తెగినచో కాచువాడు లేడు.

ఇది ఈస్టు ముచ్చట మాత్రమే కాదు. స్లు7, ప్రిప్18లకు సాటియైన ప్రోటీనులు మానవులందును గలవు. ఇదే యంత్రమున ముఖ్యమైన ప్రిప్8 మనుష్యులలో చెడినచో, రేచీకటితో మొదలై క్రమముగా చూపును హరించు వంశానుగతమగు నేత్రవ్యాధి కలుగునని 2001లో వెల్లడియైనది.

రెండవ అంచెకు ముందుగా స్లు7, పిదప ప్రిప్18, ఆపై ప్రిప్22 వచ్చి చేరును. అతుకు పూర్తియై సిద్ధమైన ఆర్.ఎన్.ఏ. వెలువడునప్పుడు మూడును తప్పుకొనును. వ్రాత నిలుచును, దానిని దిద్దినవారి గుర్తు అందు కానరాదు.