తపస్సుకాలములో బడి పిల్లల దానము



మైత్రీవనము దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఈ నగరము దేనికోసము పరుగులు తీస్తున్నదో తెలుస్తుంది. కంప్యూటరు కోర్సుల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, వాటి మీదుగా 2017లో వచ్చిన మెట్రో రైలు. జిల్లాల నుండి వచ్చిన పిల్లలు కరపత్రాలు చేతబట్టుకొని ఫీజులు లెక్కవేసుకుంటూ తిరుగుతుంటారు. అక్కడి నుండి పంజగుట్ట వైపు కొంచెము దూరము పోతే నిమ్స్ ఆసుపత్రి. ఆ పరిసరాలలో రోగుల వెంట వచ్చినవారు మూటలు తలకింద పెట్టుకొని పడుకొని ఉంటారు. మన బడుల పిల్లలు రోజూ ఈ రెండింటినీ చూస్తూనే ఆటోలలో పోతుంటారు. వారికి తపస్సుకాలమును గురించి మనము ఏమి చెబుతున్నాము?

విభూది బుధవారము నుండి పవిత్ర శనివారము వరకు 46 రోజులు. ప్రభువు ఉత్థాన దినములైన ఆరు ఆదివారాలు తీసివేస్తే 40. శ్రీసభ చట్టము ప్రకారము ఉపవాసము 18 ఏళ్లు నిండినవారికి, మాంసము మానుట 14 ఏళ్లు నిండినవారికి విధి. అంటే మన బడి పిల్లలలో ఎవరినీ ఆకలితో ఉండమని శ్రీసభ ఆజ్ఞాపించడము లేదు. శ్రీసభ అడగనిది మనము అడగరాదు. మార్చి ఎండలో, పరీక్షల నడుమ, ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి పడిపోతే అందువల్ల ఎవరికి మేలు? పిల్లలకు మిగిలినవి ప్రార్థన, దానము. విభూది బుధవారము నాడు చదివే మత్తయి 6వ అధ్యాయము దానముతోనే మొదలవుతుంది. ఆ దానము ఎవరికీ కనబడకుండా జరగాలని ప్రభువు కోరిక.

అయితే మన బడులలో జరిగేది ఏమిటి? శుక్రవారము సిలువ మార్గము కాగానే తరగతి తరగతికీ డబ్బా వస్తుంది. ఏ తరగతి ఎంత ఇచ్చిందో ప్రార్థన సమయములో చదువుతారు. ఎక్కువ ఇచ్చినవారికి చప్పట్లు. ఒక బడిలోనైతే పిల్లల పేర్లు, ఎదురుగా వారిచ్చిన మొత్తములు నల్లబల్ల మీద వ్రాశారు. ఆ బడి పేరు మనకెందుకు గాని, అక్కడ 6వ తరగతి చదివే ఒక అమ్మాయి శుక్రవారము వచ్చేసరికి కడుపునొప్పి అనడము మొదలుపెట్టింది. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేసుకొనే మనిషి. మూడవ శుక్రవారము ఆమెయే మా దగ్గరకు వచ్చి, “ఫాదర్ గారూ, మేము ఇచ్చేవాళ్లమా, పుచ్చుకొనేవాళ్లమా? ఏదో ఒకటి చెప్పండి, పిల్ల బడికి పోనంటోంది” అన్నది. దేవాలయములో పేద విధవరాలు వేసిన రెండు కాసులను గురించి మనము ఎన్ని ప్రసంగములైనా చేస్తాము. ఆ విధవరాలి పేరును మొత్తముతో సహా నల్లబల్ల మీద వ్రాసి ఉంటే ఆమె మరుసటి వారము వచ్చేదా?

ఆ తరువాత అక్కడి మఠకన్యలు డబ్బాను తీసివేసి గుడ్డసంచి కుట్టించారు. ప్రతి పిల్లా పిడికిలి మూసి సంచిలో పెట్టి, తెరిచి, మళ్లీ మూసుకొని తీయాలి. ఖాళీ పిడికిలి కూడా సంచిలోకి పోవచ్చు. వసూలు మొదట కొంత తగ్గిందట. తగ్గనివ్వండి.

పిడికిలి అంటే మన తెలుగు క్రైస్తవులకు కొత్తదేమీ కాదు. 1912లో అభిషేకము పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారి దోర్నకల్ ప్రాంతములో, కూలిపని చేసుకొనే తల్లులు ఎసట్లో బియ్యము పోసే ముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవారు. వారు మన సభవారు కాకపోయినా ఈ విషయములో మనకు గురువులే. ఆ పిడికెడు వారి అన్నములో నుండి తగ్గినది. తండ్రి జేబులో నుండి ఇచ్చి పంపిన ఐదువందల నోటు వల్ల పిల్లవాడి పళ్లెములో ఏమి తగ్గింది? మిర్చి బజ్జీ మానుకొని తెచ్చిన పది రూపాయలే మాకు ముద్దు.

ఇంకొక మాట. మన బడులలో చాలా చోట్ల క్రైస్తవేతరుల పిల్లలే ఎక్కువ. 2025లో విభూది బుధవారము మార్చి 5న వచ్చింది. ఆ వారములోనే రంజాన్ ఉపవాసములు మొదలయ్యాయి. ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడు నుదుట విభూదితో, మరొకడు నీళ్లైనా ముట్టకుండా. ముస్లిముల ఇండ్లలో జకాత్‌గా నూటికి రెండున్నర లెక్కగట్టి తీస్తారు, పండుగ నమాజుకు ముందే ఫిత్రా ఇస్తారు. హిందువుల ఇండ్లలో అన్నదానము ఉన్నది. దానమును మనమే నేర్పుతున్నామనుకొనడము మన అమాయకత్వము. రాజ్యాంగము 28వ అధికరణము ప్రకారము గుర్తింపు పొందిన బడిలో ఏ పిల్లనూ తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతారాధనలో పాల్గొనమని నిర్బంధించరాదు. కనుక సంచి ముందుకు రావడము ఇష్టము మీదనే, డబ్బు ఎక్కడికి పోతుందో ముందే చెప్పిన తరువాతనే.

ఎక్కడికి పోవాలి? 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా తపస్సుకాలపు వసూలుకు మన వంతు తప్పక పంపవలెను. జర్మనీ కతోలికులు 1959 నుండి మిజెరియోర్ పేరిట తమ తపస్సుకాలపు కానుకలను మనవంటి దేశాలకు పంపుతున్నారు. పుచ్చుకొన్న మనము ఇవ్వడము న్యాయమే. కాని 1965లో వాటికన్ మహాసభ విద్యను గురించి చేసిన ప్రకటనలో కతోలిక బడులు పేదలను ప్రత్యేకముగా పట్టించుకోవాలని కోరింది. ఫీజు బాకీ ఉన్నదని హాల్ టికెట్ ఆపి, అదే వారములో పేదల కొరకు డబ్బా త్రిప్పే బడిని చూసి పిల్లలు ఏమనుకుంటారు? వారు మనకంటే బాగా లెక్కలు చేయగలరు.

అందుచేత యాజమాన్యములకు మా విన్నపము. సంచి పవిత్ర వారములో విప్పండి. మొత్తము ఒక్కటే నోటీసు బోర్డు మీద పెట్టండి, తరగతుల వారీగా వద్దు. అందులో కొంత, ఎవరిదో చెప్పకుండా, ఆఫీసులోని బాకీల పుస్తకములో జమ చేయండి. మిగిలిన దానిలో నిమ్స్ దగ్గర పడుకొన్నవారికి ఒక పూట అన్నము పెట్టదలిస్తే, ఫోటోగ్రాఫరును తీసుకొనిపోకండి.