పంపకం ముందు, కొలత వెనక: మన సరిహద్దు కథ



సోమందేపల్లెలో మాట్లాడింది రాసి పెట్టమని చాలామంది అడిగినారు. చదివే ముందు ఒక్క ప్రశ్న. మీ చుట్టాలెవరైనా పావగడ పక్క ఉన్నారా? ఉంటే ఈ మాట మీకే.

1799లో టిప్పు చనిపోయినాక మైసూరు రాజ్యాన్ని పంచుకున్నారు. నేల కొలిచి పంచలేదు. ఏ తాలూకాకు ఎన్ని వరహాల శిస్తు వస్తుందో జాబితా రాసుకుని పంచుకున్నారు. పెనుకొండ నిజాం వాటాకు పోయింది, పావగడ మైసూరుకే మిగిలింది. 1800లో నిజాం తన వాటాను కంపెనీకి ఇచ్చేసినాడు. దత్తమండలం అంటే అదే.

అసలు గీత నేలమీద ఎక్కడుందో వెతికే పని కాలిన్ మెకంజీ మీద పడింది. పంపకం ముందు, కొలత వెనక! ఆయన వెంట కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు ఉన్నారు. ఊరూరా కైఫీయతులు రాయించినారు. గొప్ప పనే, కాదనను. కానీ కరణం చెప్పిందే కైఫీయతు. శిస్తు కట్టే ఊరుంటే పటంలో చుక్క పెడతారు. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ తిరిగేవాళ్లకు చుక్క ఎక్కడ పెడతారు? 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండి మోసింది బంజారాల ఎద్దులే. సైన్యానికి అక్కరకొచ్చినాం, పటానికి రాలేదు.

ఆ పంపకం గీత ఇప్పటికీ మన ఇళ్ల మధ్య నుంచే పోతోంది. ఇవతల సుగాలి అంటే ఎస్టీ. అవతల కర్ణాటకలో లంబాణి అంటే ఎస్సీ. మహారాష్ట్రకు పోతే విముక్త జాతి. ఎరుకల అన్నలదీ ఇదే కథ: ఇక్కడ ఎస్టీ, అక్కడ కొరమ, కొరచ పేర్లతో ఎస్సీ. ఒకటే భాష, ఒకటే పండగ, ఇచ్చి పుచ్చుకునే సంబంధాలు. కరువుకు బెంగళూరు పోయి అక్కడే నిలిచిపోయినోళ్ల ఎస్టీ సర్టిఫికెట్ అక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు. వలస పోయినోళ్ల గురించి 1990లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పేసింది.

ఓబుళాపురం దగ్గర ఇనుప ఖనిజం కోసం ఇదే రెండు రాష్ట్రాల సరిహద్దు సుప్రీంకోర్టు దాకా పోయింది, సర్వే ఆఫ్ ఇండియా దిగింది. రాయికి ఉన్న విలువ మనిషికి లేదా?

గీతను మనం ఇప్పుడు జరపలేం. గీతకు ఇవతల మన నేలనైనా కాగితం మీదికి ఎక్కించుకోవాలి. "మనది ఏజెన్సీ కాదు గదా, అటవీ హక్కుల చట్టం మనకెట్ల వర్తిస్తుంది?" అని కొందరు అంటారు. 2006 చట్టానికి ఏజెన్సీ అనే షరతు లేదు. 2005 డిసెంబర్ 13 నాటికే అడవి భూమి సాగులో ఉన్న ఎస్టీ కుటుంబం అడగొచ్చు. రుజువులేవో 13వ నియమంలో ఉంది: పాత పటాలు, సర్వే రికార్డులు, సమాధులు, బావులు, ఇంకా పెద్దల వాంగ్మూలం. ఒకటి చాలదు, కనీసం రెండు పెట్టండి. వాంగ్మూలం ఇచ్చే పెద్ద మాత్రం దరఖాస్తుదారు కాకూడదు, ఇంకొకరై ఉండాలి. తండాలో ముసలోళ్లు ఉండగానే వాళ్ల మాట రాయించి, వేలిముద్ర వేయించి, గ్రామసభకు ఇచ్చి రసీదు తీసుకోండి.