తెరచాప పట్టినోళ్ళే జెండా కూడా పట్టాలి

(యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పడవ పందేల గురించి మాట్లాడతామంటే మీలో కొందరు నవ్వారు. కూలి రేట్లు, స్కాలర్‌షిప్పులు మాట్లాడాల్సిన చోట ఈ తెరచాపల గోలేంది అన్నారు. మేమూ మొదట అట్లనే అనుకున్నాం. చెరువంటే మనకు తెలిసింది గొడ్లను కడగడం, చేపలు పట్టడం, పూడిక తీయడం. ఊరందరి చెరువులో నీళ్ళు తాగడానికే 1927లో మహద్‌లో అంబేడ్కర్ వెంట వేలమంది నడవాల్సి వచ్చింది. అలాంటి నీళ్ళ మీద ఆట మనదెట్లా అవుతుంది?

హుస్సేన్‌సాగర్ 1562 నాటిది. తట్టలెత్తి కట్ట పోసింది కూలి జనమే. దాని మీద తెరచాప ఆట మాత్రం చాలా ఏళ్ళు సైన్యం వాళ్ళది, డబ్బున్నోళ్ళది. 2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మొదలయ్యాక సర్కారు బడి పిల్లలు, బస్తీ పిల్లలు కూడా పడవెక్కారు.

వాళ్ళెక్కే చిన్న పడవ పేరు ఆప్టిమిస్ట్. ఎనిమిదడుగులకు కొంచెం తక్కువ, 35 కిలోల బరువు, పెట్టెలాగ ఉంటుంది. ఒక్కరే నడపాలి, 15 ఏళ్ళ వరకే. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన, మామూలు ఇళ్ళ పిల్లలకు అందాలని ప్లైవుడ్ చెక్కతో చౌకగా చేశాడు. మధ్యప్రదేశ్ దేవాస్ జిల్లా రైతు బిడ్డ నేహా ఠాకూర్ భోపాల్ చెరువు మీద నేర్చుకుని, 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. కాబట్టి మన పిల్లలకు చేతకాదనే మాట ఇక చెల్లదు.

కానీ అసలు సంగతి ఇంకొకటుంది. ఈ ఆటలో నీళ్ళ మీద అంపైరు వెంట తిరగడు. తప్పు జరిగితే పిల్లలే పట్టుకోవాలి. గాలి కుడిపక్క నుంచి తగిలే పడవకు హక్కు. ఎడమపక్క నుంచి తగిలేది తప్పుకోవాలి. తప్పుకోకపోతే అక్కడికక్కడే ‘ప్రొటెస్ట్’ అని అరవాలి. ఒడ్డుకొచ్చి గడువులోగా కాగితం రాసివ్వాలి. అప్పుడే విచారణ.

మా బడిలో ఏడో తరగతి పిల్ల ఒకతికి మొదటి పందెంలో ఇదే జరిగింది. హక్కు ఆమెది, గుద్దింది అవతలి పడవ. ఆమె నోరు తెరవలేదు. ఎందుకమ్మా అంటే, “వాళ్ళు పెద్దోళ్ళ పిల్లలు సార్, నేనేమంటా?” అంది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేం ఈత నేర్పించాం, లైఫ్ జాకెట్ తొడిగించాం, బోల్తాపడ్డ పడవను లేపడం నేర్పించాం. నోరు లేపడం నేర్పలేదు!

తరువాత పిల్లల్ని రెండు జట్లు చేసి తరగతి గదిలోనే విచారణలు జరిపించాం. మరుసటి ఏడు అదే పిల్ల నీళ్ళ మీద గట్టిగా అరిచింది. కాగితం రాసింది. విచారణ బల్ల ముందు ఇద్దరు పిల్లలూ పక్కపక్కనే నిలబడ్డారు. నీ తండ్రి ఎవరని ఎవరూ అడగలేదు, గాలి ఏ పక్క నుంచి తగిలిందని అడిగారు. తీర్పు ఆమెకే వచ్చింది.

అయితే ఆ బల్ల వెనక కూర్చున్న వాళ్ళలో మనవాళ్ళు ఒక్కరూ లేరు. పందెం నడిపే పని కూడా విద్యే. గాలి చూసి గీత వేయాలి. అయిదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలకు ఇంకొకటి ఎత్తాలి. నిమిషం ముందు రెండోది దించాలి, సమయానికి మొదటిది దించాలి. గీత ముందే దాటినోళ్ళను వెనక్కి పిలవాలి. మొదటికి 1, రెండోదానికి 2 లెక్కన మార్కులు వేయాలి. తక్కువ వచ్చినోళ్ళే విజేత. పదో తరగతి చదివినోళ్ళకు ఇందులో రానిదేముంది?

అందుకే మా కోరిక ఇది. పదహారేళ్ళు నిండి చిన్న పడవ దిగిన పిల్లల్ని ఇంటికి పంపెయ్యొద్దు. గడియారం, జెండా, లెక్కల పుస్తకం వాళ్ళ చేతికివ్వండి. సంఘం కమిటీల్లో చోటివ్వండి. ఈసారి వానాకాలం గాలులకు పందేలు మొదలైనప్పుడు, తల్లిదండ్రులారా, మీరూ కట్ట మీదికి రండి. మీ బిడ్డ పడవ ఎక్కడుందో చూడండి. జెండా ఎవరెత్తుతున్నారో కూడా చూడండి.