వడిసెల రాయి, రెండు కోణాలు

వెలిగండ్ల లాంటి మెట్ట ప్రాంతాల్లో జొన్న, సజ్జ కంకులకు పిట్టల బెడద తెలిసిందే. కావలివాళ్లు మంచె ఎక్కి వడిసెల తిప్పి రాయి విసిరేవారు. ఆ రాయి ఎంత వాలుగా పైకి లేచిందో, అదే భౌతికశాస్త్రంలో ప్రక్షేప కోణం.

రాయి వేగం సెకనుకు 25 మీటర్లు అనుకుందాం. 50 మీటర్ల దూరంలో, అదే మట్టంలో పడాలి. గాలి నిరోధాన్ని పక్కన పెడదాం. దూరాన్ని గురుత్వ త్వరణంతో, అంటే సుమారు 10తో, గుణిస్తే 500. వేగం వర్గం 625. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.8. మనక్కావలసిన కోణానికి రెట్టింపు కోణపు సైన్ విలువ ఇదే. పట్టిక చూస్తే 53 డిగ్రీలు. సగం చేస్తే ఇరవయ్యారున్నర.

చాలామంది పిల్లలు ఇక్కడే కలం మూసేస్తారు. 127 డిగ్రీల సైన్ కూడా 0.8 కదా! కాబట్టి అరవైమూడున్నర కూడా జవాబే. మొదటి రాయి రెండుంపావు సెకన్లలో చేరుతుంది, రెండోది నాలుగున్నర సెకన్లు తీసుకుంటుంది. పిట్టకు ఈలోపు ఇంకో నాలుగు గింజలు! 45కి అటూ ఇటూ సమానంగా ఉన్న కోణాలు ఒకే దూరం ఇస్తాయని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు.

ఇలా భాగించినప్పుడు వచ్చే విలువ ఒకటి దాటితే, ఆ వేగానికి ఏ కోణమూ చాలదు.

మంచె మీదనుంచి విసిరితే లెక్క మారుతుంది. 3 మీటర్ల ఎత్తుకు ఆ కోణాలు సుమారు 22, అరవైనాలుగున్నర. వాటి మొత్తం 90 కాదు.