తాటి తోపునకు అతిథులు
(కోడూరు రైతులకు చేసిన ప్రసంగ పాఠము)

 

మధ్యధరా సముద్రపు టొడ్డున బార్సిలోనా అను పట్టణము కలదు. అక్కడికి వచ్చిన యాత్రికులు ఉదయమే రైలెక్కి పెనెదెస్ ద్రాక్షసీమకు పోయి, తోటలు చూచి, అక్కడనే భోజనము చేసి, ద్రాక్షసారాయి రుచి చూచి, రెండు సీసాలు కొనుక్కొని సాయంకాలమునకు తిరిగి వత్తురు. సరుకును బజారుకు మోయుటయే గాక, కొనువానిని తోటకు రప్పించుట వారి పద్ధతి.

మనకును అట్టి దారి యున్నది. బందరు నుండి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా కోడూరు చేరి, జనము హంసలదీవి సాగరసంగమమునకు పోవుదురు. మాఘ పౌర్ణమినాడు చెప్పనక్కరలేదు. బందరులో వారు లడ్డు కొందురు. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మరి మన యూరిలో కొనుటకు మనమేమి పెట్టితిమి?

మన గట్లమీది తాడిచెట్టు ఏడాది పొడవునా సరుకిచ్చును. సంక్రాంతికి తేగలు, తరువాత నీరా, ఎండలలో ముంజెలు, వానలలో తాటిపండ్లు. పండ్ల టెంకలను వదులు ఇసుకనేలలో పాతర వేసినచో తిరిగి తేగలు వచ్చును.

నీరా వేరు, కల్లు వేరు. గీసినపుడు కారు తీపి రసమే నీరా. గాలిలోని ఈస్టు చేరి చక్కెరను సారాగా మార్చినచో అది కల్లగును. ఎండ యెక్కిన కొలది ఈ మార్పు త్వరపడును. కనుక ఈ జాగ్రత్తలు పాటించవలెను:

1. ముంతలు శుభ్రముగా కడిగి, లోపల సున్నము పూయవలెను.
2. గబ్బిలములు మూతిపెట్టకుండ వల కట్టవలెను.
3. తెల్లవారకముందే దింపి, వడగట్టి, మంచులో నుంచవలెను.
4. మిగిలినదానిని నిలువ యుంచక, వెంటనే కాచి తాటిబెల్లము చేయవలెను.
5. గీతకు, అమ్మకమునకు ఎక్సైజు శాఖ అనుమతి ముందుగనే పొందవలెను.

చెట్టు రైతుది, విద్య గీత కార్మికునిది. ఇద్దరును కలిసి, వాటాలు ముందుగా మాట్లాడుకొని దిగినగాని ఈ పని సాగదు.

ఇటుక బట్టీకి అమ్మిన చెట్టు ఒక్కసారే డబ్బిచ్చును. టెంక నాటినచో గెల వేయుటకు పది పదిహేనేండ్లు పట్టును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమ మనది. గట్టును పట్టి నిలుచు చెట్టు విలువ మనకు ఒకరు చెప్పవలెనా?

వచ్చే మాఘ పౌర్ణమికి దారిప్రక్కన ఒక్క పాకయైనను వేయుడు. సలహాకు ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రమునకు రండు. గొడ్డలి పట్టుటకు ముందు ఒక యేడు లెక్క వ్రాసి చూడుడు.