షరతు తప్పినచో ఆగవలసిన యంత్రము

కాసిపేట మొదలు రామగుండము వరకు వ్యాపించిన బొగ్గుగనుల ప్రాంతమున మీథేను పేరు వినని కుటుంబము అరుదు. గాలిలో ఈ వాయువు నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు కలిసియున్నచో ఒక్క నిప్పురవ్వతో ప్రేలును. కావుననే 1.25 పాళ్లు మించిన తావున విద్యుత్తును తక్షణమే ఆపవలెనని గనుల నిబంధనలు విధించుచున్నవి.

వాయువును పసిగట్టుటకు పూర్వము గనివారికి 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షకదీపము వంటివి ఆధారము. నేడు మైక్రోకంట్రోలరు, అనగా ఒకే చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటరు గల పరికరములు ఆ పని చేయుచున్నవి. వానికి ప్రోగ్రాము వ్రాయునప్పుడు పాటింపవలసిన ఒక నియమమును మనము ఆలోచింతము.

వాయువు పెరుగుట, సెన్సరు తీగ తెగుట ముందుగా ఊహింపదగినవే. అట్టివేళ గంట మ్రోగించి విద్యుత్తును తెంచు మార్గము ప్రోగ్రాములోనే ఉండవలెను. కాని లెక్కించిన వాయువు నూటికి 130 పాళ్లని వచ్చినచో? అది గాలిలోని మార్పు కాదు. లెక్కలోనో మెమరీలోనో కలిగిన దోషము. ఆపై ఆ యంత్రము చెప్పు ఏ అంకెనూ నమ్మరాదు. "ఈ విలువ 0కును 100కును నడుమ ఉండితీరవలెను" అని వ్రాయు షరతునే అసర్షన్ అందురు. పెద్ద ప్రోగ్రామును ఇట్టి నిశ్చయవాక్యములతో సరిచూడవచ్చునని ఆలన్ ట్యూరింగు 1949లోనే కేంబ్రిడ్జిలో సూచించెను.

షరతు తప్పినచో ప్రోగ్రాము ఆగవలెను. ఎట్లు ఆగవలెననునదే అసలు ప్రశ్న. ఊరకే ఆగినచో చిప్పు పిన్నులపై సంకేతము మునుపటివలెనే నిలిచియుండును. రిలే పట్టు విడువదు. బొగ్గు కోయు యంత్రమునకు విద్యుత్తు అందుచునేయుండును. కావున ముందు రిలేను విడిపించి, తప్పిన షరతు ప్రోగ్రాములో ఏ వరుసలోనిదో నమోదు చేసి, పిమ్మట ఆగవలెను. సంకేతము లేనప్పుడు విద్యుత్తు దానంతటదే తెగునట్లు రిలేను అమర్చుట మరియు క్షేమము. వాచ్‌డాగ్ టైమరు చిప్పును తిరిగి ప్రారంభించినను, మనిషి వచ్చి పరీక్షించువరకు విద్యుత్తు రాకూడదు.

అన్ని యంత్రములకును ఆగుట క్షేమము కాదు. గనికి గాలినిచ్చు పంకా ఆగినచో వాయువు పేరుకొనును. దాని ప్రోగ్రాములో షరతు తప్పినప్పుడు హెచ్చరిక చేసి, పంకాను తిరుగుచుండనీయవలెను. ఏది ఆగవలెనో, ఏది ఆగరాదో ముందుగా నిర్ణయించిన పిమ్మటనే ప్రోగ్రాము వ్రాయ మొదలిడవలెను.

పరీక్షలు ముగిసినవని ఈ షరతులను తీసివేయువారు కలరు. ఇంటిలో ఫ్యూజు కాలుచున్నదని లావుపాటి తీగ చుట్టుటయు ఇట్టిదే. దీపములు వెలుగుచుండును, ఇల్లు మాత్రము అపాయములో పడును.